బాడుగ కారు: తొలి మాట, తుది లెక్క

ఒకరి వాహనమును సొమ్మిచ్చి కొంతకాలము వాడుకొనుటకు మన భాషలో మూడు మాటలున్నవి. కోస్తా జిల్లాలలోను రాయలసీమలోను బాడుగ యందురు. తెలంగాణమున కిరాయి యందురు. ఇంటికిని బండికిని కూడ చెల్లునట్లు అద్దె యనుట అన్నిచోట్లను కలదు. బాడుగ యను మాట కన్నడ బాడిగెకును, తమిళ వాడగైకిని తోబుట్టువు. కిరాయి అరబ్బీ మూలము గలది. మాటలు వేరైనను వాని వెనుకనున్న వ్యవహారమొక్కటే. వస్తువొకరిది, వాడుక మరియొకరిది, నడుమ నొక ఒడంబడిక. ఆ ఒడంబడిక తేటగా నున్నంతకాలము ఉభయులకును సుఖము. అది మసకబారిన చోటనే కలహము పుట్టును.

ఎడ్లబండ్లు కట్టించుకొని తీర్థములకు పోవు కాలమున ఇంటి పెద్దలు బండి కదలకముందే బేరము తెంచుకొనెడివారు. ఎద్దుల మేత ఎవరిది? బండివానికి అన్నము పెట్టవలసినదెవరు? ఏటి రేవులో బల్లకట్టు రుసుము ఎవరు చెల్లింపవలెను? దారిలో నిలిచిపోయిన దినమునకు బాడుగ పూర్తిగానా, సగమా? నేడు ఎద్దుల మేతకు బదులు డీజిలు వచ్చినది. బండివాని అన్నమునకు బదులు డ్రైవరు బేటా వచ్చినది. మన పాత బత్తెమునకు అది కొత్త రూపము. బల్లకట్టుకు బదులు టోల్‌గేటు వచ్చినది. నిలిచిన దినమునకు బదులు దినమునకు ఇన్ని కిలోమీటర్లను కనీసపు లెక్క వచ్చినది. ప్రశ్నలు మారలేదు. అడుగువారు మాత్రము తగ్గిరి.

అడుగకపోవుటకు కారణము లేకపోలేదు. కారును బాడుగకు మాటలాడునది సామాన్యముగా పెండ్లికో, తీర్థయాత్రకో, రోగిని పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవుటకో. అట్టి సమయమున మనస్సు కార్యముమీద నుండునుగాని కాగితముమీద నుండదు. "కిలోమీటరుకు ఎంత?" అని యొక్క ప్రశ్న వేసి, నాలుగు చోట్ల వాకబు చేసి, అన్నింటిలో తక్కువ చెప్పినవానిని కుదుర్చుకొని, పని చక్కబడినదని తలంతుము. తీరా తిరిగివచ్చి గుమ్మము ముందు దిగిన తరువాత చేతికి వచ్చు లెక్కలో మనము వినని పద్దులు నాలుగైదు కనబడును. ఇంటిల్లిపాదియు అలసి యుందురు, పిల్లలు నిద్రలో నుందురు, ఇరుగుపొరుగువారు చూచుచుందురు. ఆ సమయమున వాదించుటకు నోరు రాదు. యాత్రా ఫలమంతయు ఆ కొసన చేదుగా మారును. అందుచేత లెక్క పుట్టు విధమును ముందుగా తెలిసికొనుట మేలు.

ఒక ఉదాహరణము తీసికొందము. విజయవాడనుండి ఒక కుటుంబము తిరుపతికి పోవలెనని తలచినది. ఒంగోలు, నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా పోవు త్రోవ ఒకవైపు సుమారు 400 కిలోమీటర్లు. రానుపోను 800. తిరుమల కొండకు ఎక్కి దిగుటకును, తిరుచానూరు మున్నగు తావులకును కలిపి మరియొక 80 కిలోమీటర్లనుకొందము. మొత్తము 880. కిలోమీటరుకు 14 రూపాయలని బేరము కుదిరినదనుకొందము. ఈ అంకెలు లెక్క తెలియుటకై చెప్పినవేగాని ధరల పట్టిక కాదు. 880ని 14తో హెచ్చవేసిన 12,320 రూపాయలు. కుటుంబ యజమాని ఈ మొత్తమును మనస్సున నుంచుకొని బయలుదేరును.

అయితే ట్రావెల్స్ వారి లెక్క ఇట్లుండదు. పొరుగూరి ప్రయాణములలో దినమునకు కనీసము 250 గాని 300 గాని కిలోమీటర్లు తిరిగినట్లు లెక్కకట్టుట వారి వాడుక. బండి నిలిచియున్న దినమున కూడ వారికి వేరు బేరము పోయినదిగదా, కావున ఈ పద్ధతి అన్యాయమని చెప్పుటకు వీలులేదు. కాని దానిని ఎరుగనివానికి అది గుదిబండ యగును. దినమను మాటకు అర్థమేమన్నది ఇచ్చట ముఖ్యము. కొందరు బయలుదేరిన గడియనుండి 24 గంటలను ఒక దినమందురు. పెక్కుమంది అర్ధరాత్రినుండి అర్ధరాత్రివరకు ఒక దినముగా పరిగణింతురు.

మన కుటుంబము గురువారము రాత్రి 10 గంటలకు బయలుదేరి, ఆదివారము తెల్లవారుజామున 1 గంటకు ఇల్లు చేరినదనుకొనుడు. గడియారము ప్రకారము గడచినవి 51 గంటలు. పంచాంగము ప్రకారము తాకినవి నాలుగు దినములు. దినమునకు 300 చొప్పున 1,200 కిలోమీటర్లు, 16,800 రూపాయలు. డ్రైవరు బేటా దినమునకు 400 చొప్పున 1,600. మొత్తము 18,400. అదే కుటుంబము శుక్రవారము ఉదయము 6 గంటలకు బయలుదేరి, ఆదివారము రాత్రి 9 గంటలకు తిరిగివచ్చినచో గడచినవి 63 గంటలు, తాకినవి మూడే దినములు. కనీసపు లెక్క 900 కిలోమీటర్లు, 12,600 రూపాయలు. బేటా 1,200. మొత్తము 13,800. యాత్రా సమయము 12 గంటలు పెరిగినది. ఖర్చు 4,600 రూపాయలు తగ్గినది. ధరను ఒక్క పైసయు తగ్గింపుమని అడుగకయే కేవలము బయలుదేరు వేళను మార్చుటచేత కలిగిన లాభమిది. కావున బేరమునకు ముందు రెండు ప్రశ్నలు వేయవలెను: దినమునకు కనీసము ఎన్ని కిలోమీటర్లు? దినమును ఎప్పటినుండి ఎప్పటివరకు లెక్కింతురు?

మూడవ ప్రశ్న కిలోమీటర్ల లెక్క ఎచ్చట మొదలగునన్నది. మీ ఇంటి గుమ్మమునుండి మీ ఇంటి గుమ్మమువరకని మీరనుకొందురు. షెడ్డునుండి షెడ్డువరకని వారనుకొందురు. పెద్ద నగరములలో షెడ్డు ఇంటికి 20 కిలోమీటర్ల దూరముననున్న రానుపోను రెండుమార్లు ఆ దూరము లెక్కకెక్కును. అనగా 40 కిలోమీటర్లు. అందుచేత దగ్గరి షెడ్డువారిని వెదకుట ధర తగ్గించుకొనుటతో సమానము. ఎట్లైనను బండి ఎక్కుటకుముందు మీటరు రీడింగును మీరును డ్రైవరును కలిసి చూచి, చీటీమీద వ్రాసికొనవలెను. చేతిలో ఫోను ఉన్నది కనుక మీటరును ఒక ఫొటో తీసికొనుట మరియు మంచిది. దిగునపుడును అట్లే చేయవలెను.

ఇక ధరలో చేరినవేవి, చేరనివేవి అన్న విచారణ. "అన్నీ కలిపి" అను మాటను మాత్రము నమ్మి ఊరకుండరాదు. అన్నీ యనగా ఏవేవో పేరుపేరున చెప్పించుకొనవలెను. టోల్‌గేటు రుసుము, పార్కింగు, డ్రైవరు బేటా, రాత్రి వేళ నడుపుటకు అదనపు భత్యము, రాష్ట్రపు పన్ను, కొండ ఎక్కుటకు ప్రత్యేకపు రేటు, జీఎస్టీ అను ఏడు పద్దులను ఒక్కొక్కటిగా అడుగవలెను. ఇంధనముతో కూడిన బాడుగమీద 5 శాతము జీఎస్టీ వేయుట సాధారణము. చెప్పిన ధర దానితో కలిపియా, కలుపకయా? రాత్రి భత్యము కొందరు 10 గంటలనుండి, కొందరు 11 గంటలనుండి లెక్కింతురు. తిరుపతివరకు పోవు బండి తిరుమలకు కూడ వచ్చునా? కొందరు ఘాట్ రోడ్డుకు వేరుగా సొమ్ము కోరుదురు. అట్టిచో కారును క్రిందనే నిలిపి ఆర్టీసీ బస్సులో కొండకు పోవుట సుకరమా యని ఆలోచింపవచ్చును.

టోల్‌గేటు విషయమున రెండు సంగతులు తెలిసియుండవలెను. 2021 ఫిబ్రవరినుండి జాతీయ రహదారులమీద ఫాస్టాగ్ తప్పనిసరియైనది. చెల్లుబడిలో నున్న ఫాస్టాగ్ లేక నగదు చెల్లించు బండికి రుసుము రెట్టింపు. ఆ రెండవ భాగము బండివారి అజాగ్రత్త ఫలమేగాని ప్రయాణికుని ఋణము కాదు. రెండవది, 24 గంటలలోపల అదే గేటున తిరిగివచ్చు బండికి రానుపోను రుసుము ఒకవైపు రుసుమునకు ఒకటిన్నర రెట్లేగాని రెండు రెట్లు కాదు. ప్రతి గేటువద్దను ఎంత సొమ్ము తగ్గినదో యజమాని ఫోనుకు సందేశము వచ్చును. టోల్ పద్దును ఉజ్జాయింపుగా గుండుగుత్తగా వేయక, ఆ సందేశముల ప్రకారము చెల్లింతునని ముందే చెప్పుట న్యాయము.

రాష్ట్రముల సరిహద్దు మనకు కొత్తగా వచ్చిన లెక్క. 2014 జూన్ 2వ తేదీకి పూర్వము హైదరాబాదునుండి తిరుపతికి పోవుట ఒకే రాష్ట్రములోని ప్రయాణము. నేడు కర్నూలు చేరువ తుంగభద్ర దాటగానే బండి పరరాష్ట్రపు బండి యగును. ఆ రాష్ట్రమునకు మాత్రమే పర్మిటు గల బండి సరిహద్దు దాటుటకు ప్రత్యేకపు అనుమతియు పన్నును కావలసియుండును. 2023 మే నెలలో అమలునకు వచ్చిన అఖిల భారత పర్యాటక వాహన పర్మిటు నిబంధనల ఉద్దేశము ఒకే పర్మిటుతో దేశమంతట తిరుగుటకు వీలు కల్పించుట. కావున మీకు పంపు బండికి ఎట్టి పర్మిటున్నది, సరిహద్దువద్ద చెల్లింపు ఏదైన నున్నచో అది ఎవరిది యని అడుగవలెను. ఒకమారు పన్ను కట్టిన బండి అదే వారమున ఇద్దరు ముగ్గురు ప్రయాణికులవద్ద ఆ పన్నును రాబట్టుటయు కలదు. రసీదుమీది తేదీని చూచిన నిజము తెలియును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి నంబరు పలక రంగు. పసుపు పలకమీద నల్లని అక్షరములున్న బండి బాడుగకు తిరుగుటకు అనుమతి పొందినది. నల్లని పలకమీద పసుపు అక్షరములున్నది డ్రైవరు లేకుండ మనమే నడుపుకొనుటకు అద్దెకిచ్చు బండి. తెల్లని పలకమీద నల్లని అక్షరములున్నది సొంత వాడుక బండి. "మా బావమరిది కారున్నది, కిలోమీటరుకు రెండు రూపాయలు తక్కువకే వచ్చును" అని ఎవరైన చెప్పగా తెల్ల పలక బండిలో బయలుదేరువారు పెక్కురు. సొంత వాడుకకై తీసికొన్న బీమాలో, బాడుగకు త్రిప్పినచో అది వర్తింపదను షరతు ఉండును. అట్టి బండి ప్రమాదమునకు లోనైనచో బీమా సంస్థ తన బాధ్యతను కాదనుటకు అవకాశము కలుగును. అధికారులు దారిలో ఆపినచో బండి అచ్చటనే నిలిచిపోవచ్చును. 880 కిలోమీటర్లకు రెండు రూపాయల చొప్పున మిగులునది 1,760 రూపాయలు. ఇంటివారందరి ప్రాణములకున్న రక్షణను ఆ సొమ్మునకు తాకట్టు పెట్టుట వివేకము కాదు. కేంద్ర ప్రభుత్వమువారి ఎం-పరివాహన్ అను ఫోను సదుపాయములో బండి నంబరు కొట్టి చూచినచో బీమా, ఫిట్‌నెస్ మొదలగువాని గడువు తెలియును. రెండు నిమిషముల పని.

బండి సైజు విషయమునను లెక్క తప్పుట కలదు. చిన్న కారులో డ్రైవరు గాక నలుగురికే చోటు. ఏడు సీట్ల బండిలో డ్రైవరు పోగా ఆరుగురే. గ్యాసుతో నడచు కార్లలో వెనుక డిక్కీలో సిలిండరు బిగించియుండును. సామానుకు చోటు సగమైనను మిగులదు. తిరుగు ప్రయాణమున లడ్డూల సంచులు, పాత్రల మూటలు పెరుగుటయేగాని తరుగుట లేదు. డిక్కీ ఖాళీగా నున్నదా, పైన క్యారియరు ఉన్నదా యని ముందే అడిగినచో బయలుదేరు వేళ బండి చాలక మరియొక బండికై పరుగులెత్తవలసిన అగత్యము తప్పును. స్టెప్నీ టైరులో గాలి ఉన్నదా, నాలుగు టైర్లు అరిగియున్నవా యని ఒకమారు చుట్టు తిరిగి చూచుట ఎవరికిని అవమానము కాదు.

డ్రైవరు సంగతి వేరుగా చెప్పవలసియున్నది. మన లెక్కలలో అతడొక పద్దు. మన ప్రయాణములో అతడే ఆధారము. రాత్రంతయు బండి నడపి తెల్లవారునప్పటికి తిరుపతి చేర్చిన మనిషి, మనము దర్శనమునకు పోయిన వేళ సీటులోనే కూర్చుండి కునుకు తీయును. తిరిగివచ్చి, "నేడే బయలుదేరుదము, ఒక దినపు బాడుగ మిగులును" అని తొందర పెట్టుదుము. అట్లు మిగిల్చిన బాడుగ ఎంత ఖరీదైనదో అర్ధరాత్రి రహదారి ప్రక్కన నిలిపియుంచిన లారీ వెనుకభాగమును చూడలేకపోయిన కన్నులకే తెలియును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని పనివేళలను నిర్ణయించినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును డ్రైవర్ల పనివేళలకు ఆ నియమమునే చూపుచున్నది. చట్టము సంగతి యటుంచి, నిద్రలేని కన్నుల వెనుక మన పిల్లలు కూర్చుండి యుందురను తలంపు చాలును. డ్రైవరు పరుండుటకు చోటెక్కడ, భోజనము బేటాలోనిదా వేరా యని బేరమునాడే తేల్చుకొనవలెను. బేటా యజమాని జేబునకు పోవునా, డ్రైవరు చేతికి అందునా యని తెలిసికొనుటయు మంచిది. అతనికి ఆరు గంటల నిద్ర అమరునట్లు ప్రయాణమును ఏర్పరచుకొన్న కుటుంబము ఖర్చులో గాని క్షేమములో గాని నష్టపడదు.

తామే నడుపుకొనుటకు కారును అద్దెకు తీసికొనువారు నేడు నగరములలో పెక్కురు కలరు. వీరికి డ్రైవరు బేటా లేదుగాని వేరు చిక్కులు కలవు. మొదటిది డిపాజిటు సొమ్ము: ఎంత, ఎన్ని దినములలో తిరిగి వచ్చును, ఏ కారణములచేత కోసికొందురు? రెండవది పాత గీతలు, సొట్టలు. బండిని తీసికొనునపుడే నాలుగు ప్రక్కలను, చక్రములను, అద్దములను, లోపలి సీట్లను, మీటరును, ఇంధనపు ముల్లును వెలుతురులో ఫొటోలు తీసి వారికి పంపవలెను. లేనిచో పూర్వమెవరో చేసిన సొట్ట మీ పద్దులో చేరును. మూడవది ఇంధనము. ఎంతతో తీసికొంటిరో అంతతో అప్పగింపవలెనన్న షరతు ఉన్నచో, అప్పగించుటకు ముందు దగ్గరి బంకులో నింపుకొనుట చవుక. వారిచేత నింపించుట ప్రియము. నాలుగవది ఆలస్యము. ఒక గంట ఆలస్యమునకు వేయు రుసుము మామూలు గంట అద్దెకు ఎన్నో రెట్లుండవచ్చును. ఆలస్యమగునని తోచినపుడే తెలియజేసి గడువు పొడిగించుకొనుట మేలు. ఐదవది, ప్రమాదము జరిగినచో మీరు భరింపవలసిన హద్దు ఎంత యన్నది. టైర్లు, అద్దములు, బండి అడుగుభాగము ఆ హద్దులోనికి రావని షరతులలో చిన్న అక్షరములలో వ్రాసియుండుట కలదు. ఒప్పందములో పేరులేని బంధువు చేతికి స్టీరింగు నిచ్చినచో ఉన్న రక్షణయు పోవచ్చును. చివరిది, వేగము మితిమీరినందుకు వేయు చలాను బండి నంబరుమీద కొన్ని దినములకు వచ్చును. దానిమీది తేదీయు గడియయు మీ ప్రయాణ కాలములోనివేనా యని చూచి మరీ చెల్లింపుడు.

పట్టణములోనే తిరుగుటకు 8 గంటలు, 80 కిలోమీటర్లు అను ప్యాకేజీ వాడుకలోనున్నది. ఈ రెండింటిలో ఏది మించినను అదనము పడును. రెండును మించిన రెండు అదనములును పడును. పెండ్లిండ్లలో కార్లు తిరుగునది తక్కువ, నిలుచునది ఎక్కువ. ముహూర్తము అర్ధరాత్రికైనచో అతిథులను దించిన కార్లను అన్నింటిని నిలిపియుంచక, రెండింటిని ఉంచుకొని తక్కినవానిని పంపివేయుట పొదుపు. ఇద్దరే ప్రయాణికులైనపుడు రైలో బస్సో ఎక్కి, చేరిన ఊరిలో ఒక పూటకు కారు మాటలాడుకొనుట పలుమారు సగము ఖర్చుతో తీరును. కారు బాడుగను గూర్చిన వివేకములో, కారు అక్కరలేని వేళను గుర్తించుటయు ఒక భాగమే.

నోటిమాట నీటిమూట యని సామెత. మాటలాడుకొన్నదంతయు కాగితముమీద గాని ఫోను సందేశముగా గాని ఉండవలెను. ధర, కనీసపు కిలోమీటర్లు, దినపు లెక్క, చేరిన ఖర్చులు, చేరని ఖర్చులు, బండి రకము, ఇచ్చిన అడ్వాన్సు, ప్రయాణము మానుకొన్నచో తిరిగి వచ్చు భాగము — ఇన్నియు పది పంక్తులలో వ్రాసి పంపి, "సరే" యని జవాబు తెప్పించుకొనుడు. దారిలో బండి చెడినచో వేరొక బండిని ఎంతసేపటిలో పంపుదురు, పంపలేనిచో మనము ఎక్కిన వేరు బండి ఖర్చెవరిది యనుటయు అందులో ఉండవలెను. అడ్వాన్సు స్వల్పముగానే ఇయ్యవలెను. మిగిలిన సొమ్ము ప్రయాణము ముగిసి, రీడింగు చూచి, బిల్లు చేతికి వచ్చిన తరువాత చెల్లింపవలెను. బిల్లు ఇయ్య నిరాకరించుట 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అనుచిత వ్యాపార పద్ధతి. వివాదము తీరనిచో 1915 అను జాతీయ వినియోగదారుల సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. తాను నివసించు జిల్లాలోని వినియోగదారుల కమిషనునందే రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలవరకైనచో ఫిర్యాదునకు రుసుము కూడ లేదు. అయితే అచ్చటికి పోయినవారికి ఉపయోగపడునది జ్ఞాపకము కాదు, కాగితము.

ఇన్ని ప్రశ్నలు వేసినచో ఎదుటివాడు మనలను అనుమానపు పక్షులనుకొనునేమో యని కొందరికి సంకోచము. అడుగనిదే అమ్మయైనను పెట్టదని పెద్దలనిరి. నిజముగా వ్యాపారము చేయువానికి ప్రశ్నలు భారము కావు. తాను ఇచ్చు సదుపాయమేమో, కోరు మూల్యమేమో చెప్పుటకు అతడును ఇష్టపడును. తక్కువ ధర చెప్పి తరువాత పద్దులు చేర్చువానితో పోటీపడలేక, అన్నియు విప్పి చెప్పు యజమాని బేరము పోగొట్టుకొనుట మన ఊళ్లలో జరుగుచునే యున్నది. కిలోమీటరు ధరను మాత్రము అడుగు అలవాటును మనము మానుకొని, ఇల్లు తిరిగి చేరునప్పటికి మొత్తమెంతయగునని అడుగుట నేర్చినచో, మన సొమ్మునకే గాక ఆ నిజాయితీపరుని జీవనమునకును మేలు చేసినవారమగుదుము. బండి దిగిన గుమ్మమువద్ద యజమానియు ప్రయాణికుడును ఒకే అంకెను మనస్సున ఉంచుకొని ఎదురుపడవలెను. అప్పుడు లెక్క ఐదు నిమిషములలో తీరును. డ్రైవరు మంచినీళ్లు త్రాగి, సెలవు తీసికొని పోవును. మరల ప్రయాణమున్నపుడు పిలుచుటకు ఒక నమ్మకమైన నంబరు మన ఇంట మిగులును.